మంచు త్రాగి పండెడి చేలు

చలికాలము వచ్చినదనగా పత్రికలలో ఒక పేరు తప్పక కనబడును: కోహీరు. తెలంగాణమున నేడు మిక్కిలి చలిగానున్న తావు కోహీరనియు, అచ్చట రాత్రి ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగినదనియు రెండు పంక్తులు వేసి పత్రికలవారు ఊరకుందురు. 2025 డిసెంబరులోను ఇదియే వార్త. హైదరాబాదులో దానిని చదివినవారు ఒక దుప్పటి ఎక్కువ కప్పుకొని మఱునాటికి మఱచిపోవుదురు. కోహీరు జామపండ్లు ఎఱిగినవారు సైతము కోహీరు చలివలన ఏమి పండునో విచారింపరు. జహీరాబాదు ప్రాంతము సముద్రమట్టమునకు ఆఱువందల మీటర్లకు పైనున్న మెట్టసీమ. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రులలో పగటి వేడి యంతయు పైకిపోయి, తెల్లవారుసరికి చేలపై మంచు కప్పుకొని యుండును. ఆ మంచును లెక్కగట్టు అంకె ఏ పత్రికలోను రాదు. ఇచ్చటి రైతుకుటుంబములకు మాత్రము కావలసిన లెక్క అదియే.

ఈ సీమలో వానకాలపు సేద్యము ఒక తీరు, చలికాలపు సేద్యము ఒక తీరు. తొలకరికి ఎఱ్ఱనేలలలో పచ్చజొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది, పెసర, మినుము, అనుము, ఉలవ మున్నగునవి కలిపి విత్తుదురు. ఒక్క ఎకరములో పదునైదు, ఇరువది రకములు గల చేలు నేటికిని కలవు. వానలు వెనుకబట్టిన పిమ్మట నల్లరేగడిలో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె, ధనియాలు, గోధుమ విత్తుదురు. వీనికి బావినీరు లేదు, కాలువ లేదు, ఎరువుబస్తా లేదు, పురుగుమందు లేదు. విత్తిన నాటినుండి కోసిన నాటివఱకు పైనుండి దిగివచ్చునది మంచు ఒక్కటియే. ఇట్టి పంటలను ఈ ప్రాంతపు స్త్రీలు సత్యం పంటలని పిలుచుచున్నారు. బడి మొగము చూడని నోళ్ళనుండి వచ్చిన ఈ పేరులో ఎంత లోతున్నదో భాషావేత్తలు తెలిసికొనవలసియున్నది. మనుష్యుడు నీరు పోయక, మందు చల్లక విడిచినను, నేలయు ఆకాశమును మాట తప్పక పండించుచున్నవి గనుక అవి సత్యమైన పంటలు. అప్పు తెచ్చి పండించిన పంటకు ఈ పేరు పెట్టుటకు ఎవరికిని నోరాడదు.

మంచువలననే పంట పండునా యని వ్యవసాయశాస్త్రజ్ఞులు అడుగుదురు. రేగడినేల వానకాలమున త్రాగిన నీటిని లోపల దాచుకొనుననియు, వేరు ఆ తేమను వెదకికొనుచు క్రిందికి పోవుననియు, మంచు ఆకును తడిపి యెండ తాకిడిని తగ్గించి తోడ్పడుననియు వారు చెప్పుదురు. అది సరియైన మాటయే. కుసుమ వేరు ఎంత లోతునకు దిగునో త్రవ్వి చూచినవారికి తెలియును. జొన్నచేని అంచున ఆ కుసుమనే విత్తుదురు. దాని ముండ్లకు జడిసి పశువు లోనికి రాదు. నూనెకు నూనె, కంచెకు కంచె. ఇట్టి యేర్పాటును కనిపెట్టినవారెవరో ఏ గ్రంథములోను లేదు. శాస్త్రజ్ఞుల మాటను మేము కాదనము. అయితే స్త్రీలు పెట్టిన పేరు తప్పనియు ఒప్పుకొనము. లోపలి తేమయు, పైనుండు మంచును గూడ ఎవరును బిల్లు వేయని సొత్తులే గదా.

ఈ జ్ఞానము నలుబదియేండ్ల క్రిందట అడుగంటుచుండెను. 1983లో పస్తాపురము కేంద్రముగా దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థ యేర్పడి, సుమారు 75 గ్రామములలో స్త్రీల సంఘములను నెలకొల్పినది. వారిలో పెక్కుమంది దళితస్త్రీలు. వారికున్న భూమి ఎకరము, రెండెకరములు. అదియు రాళ్ళుతేలిన పడావు. 1990 దశకములో వారు తమ గ్రామములలోని బీళ్ళను సాగుచేయుటకు రైతులకు పెట్టుబడి యిచ్చి, దానిని జొన్నల రూపమున మరల రాబట్టి, ఆ జొన్నలను గ్రామములోనే నిలువచేసి, ఎండకాలమున పేదలకు చౌకగా అమ్మిరి. ఎవరు పేదలో తేల్చినవారు తహసీలుదారులు కారు. ఊరివారందఱు కూడి, నేలపై ఊరి పటము గీసి, ఇల్లిల్లు లెక్కించి, ఎవరి యింట ఎన్నిదినములు పొయ్యి రాజదో తామే నిర్ణయించిరి. విత్తనమునకు వారు దుకాణమునకు పోరు. ఒకరినుండి కొలిచి తెచ్చుకొన్నది పంట వచ్చిన పిమ్మట ఎక్కువగా కొలిచి తిరిగి యిత్తురు. 2008 అక్టోబరు 15వ తేదీన మాచునూరునుండి సంఘం రేడియో ప్రసారము లారంభించినది. మైకు ముందు కూర్చున్నవారును, యంత్రములు నడపినవారును కూలిచేసి బ్రతికిన కుటుంబముల స్త్రీలే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము ఈ సంస్థకు లభించినది. దీనిని నడపినవారిలో ముఖ్యులైన పి. వి. సతీశ్ గారు 2023 మార్చి 19న కాలధర్మము నొందిరి. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరమని ప్రకటించిన సంవత్సరము సరిగా 2023. ఊరూర చిరుధాన్యముల వంటకముల ప్రదర్శనలు జరిగిన ఆ యేటనే, మూడవ నెలలోనే, ఆ ధాన్యములకొఱకు నలుబదియేండ్లు పాటుపడినవాడు పోయెను.

పట్టణములలో ఇప్పుడు కొఱ్ఱబియ్యము ధనికుల పథ్యమైనది. మధుమేహమునకు మంచిదని వైద్యులు చెప్పగా కిలో వందరూపాయలకు పైబడియైనను కొందురు. జహీరాబాదు పల్లెలలో మాత్రము బీదవాని బిడ్డ తెల్లని అన్నము కోరుచున్నాడు. 2025 ఏప్రిల్ మొదలు రేషనుకార్డులపై మనిషికి ఆఱు కిలోల సన్నబియ్యము ఉచితముగా ఇచ్చుచున్నారు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటను మేము తప్పుపట్టము. ఆ పథకమువలన ఎన్నో యిండ్లకు నెమ్మది కలిగినది. అయితే కృష్ణా గోదావరుల నీటితో పండిన వరి మెట్టసీమకు లారీలలో వచ్చుచుండగా, మెట్టసీమలో పండిన జొన్నను ఆ దుకాణములోనే కొని ఆ దుకాణములోనే ఏల ఇయ్యరాదని అడుగుచున్నాము. కొనువాడు లేని పంటను ఎంతటి సత్యవంతురాలైనను ఎన్నాళ్ళు విత్తగలదు? అందువలననే పత్తియు, సోయాయు, అల్లమును, చెరకును ముందుకు వచ్చుచున్నవి. అవి పండినప్పుడు డబ్బు వచ్చునుగాని, పండనినాడు ఇంట తినుటకు గింజ యుండదు.

ఈ ప్రాంతపు భక్తియు చేలనుండియే పుట్టినది. మార్గశిర అమావాస్యనాడు జహీరాబాదునుండి బీదరు, కలబురగి వఱకు ఇండ్లకు తాళములు వేసి జనులు పొలములకు పోవుదురు. దీనిని ఇచ్చట ఎల్లమావాస్య యందురు. జొన్నచొప్పతో గుడిసె వేసి, అయిదు రాళ్ళు నిలిపి, వానినే పాండవులని పూజింతురు. పచ్చికందులు, శనగలు, చిక్కుళ్ళు, ఆకుకూరలు కలిపిన బజ్జి, సజ్జరొట్టె, అంబలి అచ్చటనే ఆరగింతురు. ఇంకను కోతకురాని చేనిని నిండు చూలాలిగా భావించి నాలుగంచులను అన్నము చల్లి దానికి పెట్టుదురు. ఎడ్లబండ్లకు బదులు ట్రాక్టర్లును, ఆటోలును వచ్చినవి. జహీరాబాదులోనే 2013నుండి ట్రాక్టర్లు తయారగుచున్నవి గనుక ఆ మార్పు ఇచ్చట ముందుగా వచ్చుటలో వింతలేదు. పండుగ మాత్రము పోలేదు. పిలువని అతిథి చేని గట్టున నిలిచినను అతని కులమడుగక రొట్టె చేతిలో పెట్టుదురు. ఏడాదిలో తక్కిన దినములు గూడ ఇట్లే యున్నవని చెప్పుటకు మాత్రము మనస్సాక్షి ఒప్పుకొనదు.

ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని సంగతియు చెప్పవలెను. మొగలిపూవు శివపూజకు పనికిరాదని పురాణము. అబద్ధపు సాక్ష్యము పలికినందుకు దానికి శాపము కలిగినదట. ఈ ఒక్క క్షేత్రమున మాత్రము ఆ పూవు స్వామి తలకెక్కుచున్నది. శివరాత్రికి తెలుగువారు, కన్నడిగులు, మహారాష్ట్రులు ఆ గుండములో స్నానముచేసి ఒకే వరుసలో నిలుతురు. ఈ సీమలోని దర్గాల ఉర్సులకు హిందువులు కొబ్బరికాయలు తీసికొనిపోవుదురు. ఇంట తెలుగు, అంగడిలో ఉర్దూ, చుట్టరికములలో కన్నడము, మరాఠీ మాటాడువాడు ఇచ్చట పండితుడు కాడు, సామాన్యుడు.

జాతరగాని, ఉర్సుగాని ముగియుటకు ముందు కుస్తీలు జరుగవలెను. మా అభిప్రాయములో ఈ ప్రాంతపు అసలైన క్రీడ అదియే. మొదట చిన్నపిల్లలు కొబ్బరికాయకు కుస్తీ పట్టుదురు; గెలిచిన బాలుడు ఆ కాయను చంకబెట్టుకొని పోవు ఠీవి చూడవలసినదే. మెల్లగా పందెము పెరిగి తుదకు వెండి కడియము వఱకు పోవును. సరిహద్దు ప్రక్కనే యున్నందున బీదరు, ఉద్గీరు, నాందేడు వైపులనుండియు మల్లులు వత్తురు. పట్టువిడిచిన తరువాత ఓడినవాడు గెలిచినవాని చేయి పట్టుకొని చుట్టు తిరిగి జనులయొద్ద రూపాయలు కూర్చుట మేము కన్నులార చూచినాము. స్వతంత్రభారతమునకు ఒలింపిక్ క్రీడలలో తొలి వ్యక్తిగత పతకము తెచ్చినవాడు ఇట్టి మట్టిగోదాలో పెరిగినవాడే. సతారా సీమవాడైన ఖాశాబా జాధవ్ 1952లో హెల్సింకీలో కాంస్యపతకము గెలిచెను. అతడు పోవుటకు సొమ్ము చాలక, అతని కళాశాల ప్రిన్సిపాలు తన యిల్లు తాకట్టు పెట్టి ఏడువేల రూపాయలిచ్చిన సంగతి ప్రసిద్ధము. నేడు తాలూకా యువకులు గోదా విడిచి చేతిలోని ఫోనులో క్రికెట్టు చూచుచున్నారు. చూచుటలో దోషము లేదు. చూచుచు పందెము కాయుట దోషము. ఆన్‌లైను జూదమును తెలంగాణము 2017లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో కేంద్రము దేశమంతటికి చట్టము చేసినది. చట్టము పుస్తకములో నున్నది. అప్పులవాడు ఇంటి ముందున్నాడు. కొబ్బరికాయ పందెముతో ఏ కుటుంబమును చెడిపోలేదు.

ఇక రాజకీయము. సర్పంచుల పదవీకాలము 2024 ఫిబ్రవరి నాటికే తీరిపోయినను, పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలోగాని జరుగలేదు. ఇరువదిరెండు మాసములు మన పల్లెలను ప్రత్యేకాధికారులు పాలించిరి. స్వరాజ్యమనగా గ్రామస్వరాజ్యమని గాంధీజయంతినాడు మాత్రము ఉపన్యసించితిమి. ఎన్నికలు ముగిసిన వారముననే ఎల్లమావాస్య వచ్చినందున, ఓడినవారును గెలిచినవారును ఒకే చేనిగట్టున కూర్చుండి బజ్జి తినవలసివచ్చినది. ఇది మేలే జరిగినది.

2009లో తొలిసారి ఎన్నికలు చూచిన జహీరాబాదు లోకసభా నియోజకవర్గము ఒక విచిత్రమైన కూర్పు. జుక్కలు, బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి, నారాయణఖేడు, ఆందోలు, జహీరాబాదు, ఈ ఏడింటిని కలిపి కుట్టిన బొంత యది. మొదట సురేశ్ షెట్కార్ గారు, 2014లోను 2019లోను బి. బి. పాటిల్ గారు, 2024లో మరల షెట్కార్ గారు గెలిచిరి. పాటిల్ గారు ఆ యేట వేఱొక పార్టీ పక్షమున నిలిచి ఓడిరి. కండువాల రంగులను గూర్చి వ్రాయుటకు మాకు స్థలము చాలదు, ఆసక్తియు లేదు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో ఈ నియోజకవర్గపు ఉత్తరభాగమైన కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క దినమున నలుబది సెంటీమీటర్లకు పైగా వాన కురిసి, కట్టలు తెగి, రైలుమార్గము కొట్టుకొనిపోయినది. అంతకు రెండేండ్లు ముందు, 2023 ఆగస్టు మాసము, 1901నుండి దేశములో లెక్కలున్నంతలో మిక్కిలి వానలేని ఆగస్టుగా గడచినది. ఒక యేడు చుక్క లేదు. ఒక యేడు ఊరు మిగులదు. ఒకే పంటను నమ్ముకొన్నవాడు ఈ రెంటిలో దేనికైనను బలియగును. ఇరువది రకములు కలిపి విత్తినవారి చేలో ఏ యేడైనను ఏదో కొంత మిగులును. ఇది ముసలమ్మల ముచ్చటయని కొట్టివేసినవారే నేడు వాతావరణ సభలలో ఈ మాటనే వేఱు పలుకుబడిలో చెప్పుచున్నారు.

ఈ సీమ చరిత్రలో ఒక దినమును గూర్చి చెప్పక దాటరాదు. 1948 సెప్టెంబరు 16న షోలాపురమునుండి బయలుదేరిన భారతసైన్యము మందుపాతరలను తప్పించుకొనుచు, బీదరు మార్గము కలియుచోట కాల్పుల నెదుర్కొని, రాత్రికి జహీరాబాదు దాటి పదునైదు కిలోమీటర్లు ముందునకు వచ్చెను. మఱునాడు నిజాము ప్రభుత్వము లొంగినది. ఆ దినమును 2022నుండి కేంద్రము విమోచనదినమనియు, ఆ యేటి రాష్ట్రప్రభుత్వము సమైక్యతాదినమనియు, 2024నుండి ఇప్పటి ప్రభుత్వము ప్రజాపాలనదినమనియు జరుపుచున్నవి. పేరు ఏదైనను నిరంకుశత్వము నశించిన దినమది. దానిని ఉత్సవముగా జరుపుటకు మాకు సంకోచము లేదు. అప్పుడు జహీరాబాదు బీదరు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజనమున నిర్ణా సర్కిలు తప్ప మిగిలిన తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాలకల్లు సర్కిలును, నారాయణఖేడు తాలూకాయు తెలుగుదేశమున చేరినవి. ఆ బీదరు జిల్లాలోని గోర్టా గ్రామములో 1948 మే మాసమున రజాకార్లు చేసిన ఊచకోతను మన పెద్దలు మఱవలేదు, మఱవరాదు. సెప్టెంబరు తరువాత అదే జిల్లాలో నిరపరాధులైన ముస్లిములు ఊళ్ళకు ఊళ్ళు హతులైరి. నెహ్రూగారి ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నష్టము హెచ్చుగా జరిగినదని చెప్పి, మొత్తము మృతులు తక్కువపక్షము ఇరువదియేడువేలనుండి నలుబదివేల వఱకు నుందురని అంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దముల తరబడి ప్రజల కంటబడలేదు. గోర్టాను మాత్రము చెప్పి రెండవదానిని దాచువాడును, రెండవదానిని మాత్రము చెప్పి గోర్టాను దాచువాడును సెప్టెంబరు 17న వేదికలెక్కుచున్నారు. ఇద్దఱి ఉపన్యాసములను వినుచు క్రింద కూర్చున్నవారు మాత్రము సాయంకాలము ఒకే అంగడిలో టీ త్రాగి ఇండ్లకు పోవుచున్నారు.

ఇప్పుడు ఈ సీమ నెదుట నిలిచినది భూమి సమస్య. న్యాలకల్లు, ఝరాసంగము మండలములలో సుమారు 12,600 ఎకరములలో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తి మండలమును స్థాపింపవలెనని చాలకాలమునుండి యత్నము జరుగుచున్నది. 2016లో కేంద్రము దానికి ఆమోదమిచ్చినది. 2024 ఆగస్టు 28న కేంద్రమంత్రివర్గము దేశములో పండ్రెండు పారిశ్రామిక నగరములకు అనుమతి యిచ్చుచు, వానిలో జహీరాబాదును చేర్చి, 3,245 ఎకరములకు 2,361 కోట్ల రూపాయల అంచనాను ప్రకటించినది. పరిశ్రమలు వలదని మేము వ్రాయము. మన యువకులు పటాన్‌చెరువునకు, హైదరాబాదునకు, పూనాకు బస్సులెక్కుటకంటె ఇంటికి చేరువలో పని దొరకుట మేలు. అయితే ఏ పరిశ్రమ, ఎట్టి రక్షణలతో, ఎవరి భూమిలో అని అడుగుటకు మన కధికారమున్నది. 2025 జూన్ 30న ఇదే సంగారెడ్డి జిల్లాలో, పాశమైలారము పారిశ్రామికవాడలో ఒక ఔషధపదార్థముల ఫ్యాక్టరీ ప్రేలి నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. కొందఱి దేహములు సైతము చిక్కలేదు. వారిలో పెక్కుమంది ఉత్తరదేశమునుండి కూలికి వచ్చినవారు. ఉద్యోగములు వచ్చునను మాటకు ఈ లెక్కను గూడ ప్రక్కన వ్రాసికొనవలెను.

పరిహారము సంగతి మఱింత చిక్కైనది. 2015లో వచ్చిన 123వ నంబరు ప్రభుత్వ ఉత్తరువు ప్రకారము భూమిని యజమానులనుండి నేరుగా కొనుటకు ప్రారంభించిరి. ఆ చేలలో కలుపు తీసి, కోతకోసి బ్రతికెడి కూలివారి పేరు ఆ కాగితములలో లేదు. ఈ పారిశ్రామికమండలపు గ్రామములలోని వ్యవసాయకూలీలే హైకోర్టు తలుపు తట్టగా, 2016 ఆగస్టు 3న న్యాయస్థానము ఆ ఉత్తరువును కొట్టివేసినది. సెంటు భూమిలేని కూలివారు సర్కారుతో వ్యాజ్యమాడి గెలిచిన ఈ సంగతిని మన పాఠశాలలలో చెప్పవలెను. తరువాత ప్రభుత్వము అప్పీలు చేసినది, వేఱు ఉత్తరువులు వచ్చినవి, 2013నాటి భూసేకరణచట్టమునకు రాష్ట్రము సవరణలు చేసి కొన్ని ప్రాజెక్టులను సామాజిక ప్రభావ విచారణనుండి తప్పించినది. గెలుపు కాగితముపై నిలిచినంత నేలపై నిలువలేదు.

నల్లరేగడికి ఎకరమున కింతయని ధర కట్టుదురు. దానిలోని బోరు, చెట్టు, పాక లెక్కకు వచ్చును. నీరు లేని చేనని మెట్టలెక్కలో వ్రాసికొందురు. నీరు లేకయే పండుటవలన దానికి గలిగిన విలువకు పట్టికలో గడి లేదు. ఆ చేనితోపాటు ఒక ముసలమ్మ బానలో బూడిద కలిపి దాచిన పదునైదు రకముల విత్తనములు ఎక్కడ విత్తవలెనో, విత్తనిచో ఎన్నేండ్లు మొలకెత్తుశక్తితో నుండునో భూసేకరణాధికారిని అడుగుట వ్యర్థము. బస్తాలో నిలువయున్న విత్తనము చచ్చును. ఏటేట నేలలో పడినదే బ్రతుకును.

కావున క్రొత్తగా ఎన్నికైన న్యాలకల్లు, ఝరాసంగము మండలముల సర్పంచులను మేము కోరునది ఒక్కటి. భూమి విషయమై ఏ కాగితముపై సంతకము చేయకముందు గ్రామసభను పిలిపించి, భూమిగలవారి పేర్లతోపాటు ఆ భూమిపై కూలిచేయువారి పేర్లను, ముఖ్యముగా స్త్రీల పేర్లను గట్టిగా చదివించి పుస్తకములో నెక్కింపవలెను. ఏయే చేలు మంచుపై పండుచున్నవో సర్వేనంబరుల వారీగా వ్రాయింపవలెను. తెల్లజొన్న కంకి పాలుపట్టియున్న మాసములలో ఆ పని చేసినచో అధికారులు చేని గట్టున నిలిచి కంటితో చూచుకొనవచ్చును. కోతలైన పిదప అదే నేల వారికి బీడుగా కనబడును.